గేటు దగ్గర అడిగిన పేరు

నన్ను ఆ కమిటీలో వేసుకున్నది తల ఊపడానికేనని మొదటి సమావేశంలో టీ కప్పులు వచ్చేలోపే అర్థమైంది. నాకు తల ఊపడం రాదు. మా గోదావరి ఇంట్లో ఆడవాళ్ళకి నోరు కాస్త జాస్తి. మా అమ్మమ్మ కరణంగారితో గొడవపడి కాలవగట్టు దారి తెరిపించిందని చెప్పుకుంటారు. పెళ్ళయి ఒమాన్ వచ్చాక ఆ నోరు వాడే అవకాశం రాలేదు. తుప్పు పడుతుందేమో అనుకుంటుండగా ఈ కమిటీ దొరికింది.

మేముండేది మస్కట్ శివార్లలోని సీబ్‌లో. ఇంటికి కొంచెం దూరంలో సముద్రం ఒడ్డున ఒక పార్కు ఉండేది. గొప్పేమీ కాదు. కాస్త పచ్చిక, వేపచెట్లు, ఉయ్యాలలు, సిమెంటు బెంచీలు, మంచినీళ్ళ కుళాయి. విమానాలు నెత్తిమీదుగా దిగుతుంటే మాట్లాడుకునేవాళ్ళు మాట మధ్యలో ఆపి, అది పోయాక మళ్ళీ అందుకునేవారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజయ్యాక అందరూ అక్కడికే చేరేవారు. ఒమానీ కుటుంబాలు చాపలు పరచుకుని ఫ్లాస్కుల్లోంచి కాఫీ వంచుకునేవి. ఘాలాలో గ్యారేజీల్లో, గోదాముల్లో పనిచేసే మగవాళ్ళు కంపెనీ బస్సు దిగి, మార్కెట్ పని చూసుకుని, నీడన నడుం వాల్చేవారు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళలో సెలవు దొరికినవాళ్ళు వచ్చి తలకు తల చేర్చి ఊరి కబుర్లు చెప్పుకునేవారు. ఎవరు నువ్వు అని అక్కడ ఎవరూ ఎవరినీ అడగలేదు.

మేము వచ్చిన కొన్నేళ్ళకి మున్సిపాలిటీ వాళ్ళు పార్కును బాగుచేశారు. బాగుచేయడమంటే చుట్టూ ఇనప కంచె వేసి, ఒక గేటు పెట్టి, గేటు పక్కన టికెట్ గది కట్టారు. ఖర్చయింది కాబట్టి ఇక లోపలికి వెళ్ళాలంటే రుసుము. అయితే ఆ రుసుము ఎవరి మీద ఎలా వేయాలో చుట్టుపక్కల ఉండేవాళ్ళనే అడుగుదామని మున్సిపాలిటీ ఆఫీసువాళ్ళకి బుద్ధి పుట్టింది. దానికో సలహా సంఘం వేశారు. అందులో ఒక ఇండియన్ లేడీ కూడా ఉంటే బాగుంటుందన్నారట. మా ఆయన ఆఫీసులో ఎవరో నా పేరు చెప్పారు.

సలహా అడగడం తప్పని నేను అనను. వండిన అన్నం ముందు పెట్టి, ఎసరు ఎంత పెట్టమంటారని అడిగితే మాత్రం ఒళ్ళు మండుతుంది. మొదటి సమావేశంలో మా ముందు పెట్టిన కాగితాల్లో అన్నీ ముందే రాసి ఉన్నాయి. శుక్రవారం ఫ్యామిలీలకు మాత్రమే ప్రవేశం. ఫ్యామిలీ వీసా చూపిస్తే ఒక కార్డు ఇస్తారు, కార్డుంటే రుసుము తక్కువ. ఒంటరి ఆడవాళ్ళు రుసుము కట్టి రావచ్చు. బ్యాచిలర్లు మిగతా రోజుల్లో రావచ్చు. మిగతా రోజుల్లో ఘాలాలో పొద్దుపొడిచింది మొదలు డ్యూటీయే కాబట్టి, ఎన్నడూ రావద్దని దాని అర్థం.

బ్యాచిలర్ అన్న మాటకు గల్ఫ్‌లో వేరే అర్థం ఉంది. పెళ్ళాం పక్కన లేని ప్రతి మగవాడూ అక్కడ బ్యాచిలరే. మా ఇంటికి గ్యాస్ సిలిండర్ తెచ్చే ఆయన మనవరాలు పుట్టిందని మిఠాయి పంచిపెట్టాడు. ఆయనా బ్యాచిలరే.

ఆ కాగితాలను అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది మనవాడే. హైదరాబాద్ ఆయన, ఏదో కంపెనీలో మేనేజరు, మనవాళ్ళ ఉగాది వేడుకలప్పుడు మైకు వదలని మనిషి.

"బ్యాచిలర్స్ గుంపులు గుంపులుగా కూర్చుంటారు. మన లేడీస్‌కి చాలా ఇబ్బందిగా ఉంటుంది" అన్నాడు ఇంగ్లీషులో.

"ఏ లేడీకి?" అన్నాను.

ఆయన నావైపు చూశాడు.

"ఈ గదిలో లేడీని నేనొక్కదాన్నే. నాకైతే ఏ ఇబ్బందీ లేదు. ఉందని మీతో చెప్పిందెవరు?"

ఆయన నవ్వేసి పేజీ తిప్పాడు. మా సంఘానికి అధ్యక్షుడు ఒక ఒమానీ పెద్దాయన. తెల్ల గడ్డం, చేతిలో సన్నటి కర్ర. చిన్నప్పుడు తండ్రితో పాటు పడవల మీద బొంబాయి వెళ్ళివస్తూ నేర్చుకున్న హిందీ ఆయనది, నా హిందీ కన్నా నయం. ఆయన అటూ ఇటూ చూసి, కొన్ని శుక్రవారాలు ఇలాగే నడిపి చూద్దాం, ఆ తర్వాత మళ్ళీ కూర్చుందాం అన్నాడు. అందరూ సరేనన్నారు. నేను అనలేదు. నా ఒక్క మాటతో ఆగేది ఏముంది?

ఇంటికొచ్చి చెబితే మా ఆయన తల పట్టుకున్నాడు. "మనది కాని దేశం. వాళ్ళ పార్కు, వాళ్ళ గేటు. నీకెందుకే?"

"సలహా అడిగారు. ఇచ్చాను. అడక్కపోతే ఊరుకుందును" అన్నాను.

ఇప్పుడు కడప ఆవిడ గురించి చెప్పాలి. మా వెనక గోడకు ఆనుకుని ఒక ఒమానీ కుటుంబం విల్లా ఉండేది. ఆవిడ అందులో పనిచేసేది. మా పరిచయం ఒక పిల్లి పుణ్యం. గోడ అవతల ఎవరో "థూ నీ పాసుగూల! చాపముక్కలన్నీ నాశనం జేసినావు గదే" అని అరుస్తుంటే నా చేతిలో గిన్నె జారిపోయింది. ఆ ఎడారి దేశంలో, అరబ్బుల ఇంట్లో, పిల్లికి రాయలసీమ తిట్లు పడుతున్నాయి! స్టూలెక్కి గోడమీంచి తొంగిచూశాను. నవ్వితే కళ్ళు మూసుకుపోయే మనిషి, నాకంటే కొంచెం చిన్నది. ఆ రోజు నుంచి నేను ఆవిడకి అక్కనయ్యాను.

ఆవిడ మొగుడూ ఒమాన్‌లోనే ఉన్నాడు, ఘాలాలో ఒక గ్యారేజీలో. ముందు ఆయన వచ్చాడు, కొన్నేళ్ళకి ఈవిడ వేరే వీసా మీద వచ్చింది. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నట్టే లెక్క, కాని కాపురం లేదు. ఆవిడ పడుకునేది యజమానురాలి ఇంట్లో వంటగది పక్క గదిలో. ఆయన పడుకునేది కంపెనీ రూమ్‌లో మరికొందరు మగవాళ్ళ మధ్య. ఆయన ఆ విల్లా గుమ్మం తొక్కకూడదు, ఆవిడ ఆ క్యాంపు గేటు దాటకూడదు. యజమానురాలు మంచిదే. శుక్రవారం మధ్యాహ్నం వంటపని అయ్యాక పొద్దుగూకే లోపల వచ్చేయమని పంపేది. ఆ కాస్త సేపూ ఆ పార్కులో వేపచెట్టు కింద పక్కపక్కన కూర్చోవడమే వాళ్ళ సంసారం. ఆవిడ బొరుగులతో ఉగ్గాని చేసి డబ్బాలో తెచ్చేది. ఆయన తింటుంటే చూసేది. అప్పుడప్పుడు పోట్లాడుకునేవారు కూడా. ఎక్కడో ఒకచోట పోట్లాడుకోవాలి కదా, మొగుడూ పెళ్ళాలన్నాక.

ఆ చోటు పోతే వాళ్ళకి ఇంకో చోటు లేదు. నేను చెప్పదలచుకున్నదల్లా ఆ చోటు గురించే.

కొత్త పద్ధతి మొదలైన శుక్రవారం నేను కమిటీ సభ్యురాలి హోదాలో చూసివద్దామని కాస్త ఆలస్యంగా వెళ్ళాను. లోపలికి అడుగుపెట్టి వేపచెట్లవైపు చూస్తే, కడప ఆవిడ కంచెకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. కంచె అవతల, నీడ లేని చోట, ఆయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. మధ్యలో ఇనప ఊచలు. ఊచల సందులో డబ్బా పట్టలేదు. ఆవిడ ఉగ్గాని కాగితంలో పొట్లం కట్టి సందులోంచి ఇస్తోంది. ఆయన దాన్ని రెండు చేతులా అందుకుంటున్నాడు. అది చూడగానే నాకు వచ్చిన కోపం ఇన్నేళ్ళయినా తగ్గలేదు.

ఏం జరిగిందో ఇద్దరూ కలిసి చెప్పారు. గేటు దగ్గర గార్డు హిందీలో "ఫ్యామిలీ?" అని అడిగాడు. ఆయన ఆవిడ వైపు చూపించి "హా భాయ్, మేరా ఫ్యామిలీ" అన్నాడు. "ఫ్యామిలీలో ఎంతమంది?" అన్నాడు గార్డు. "ఒకటే" అన్నాడు ఆయన. గార్డు నవ్వాడు. ఒక్క మనిషి ఫ్యామిలీ ఎలా అవుతుందన్నాడు. మనకైతే వేరే చెప్పక్కర్లేదు. మన మగవాళ్ళకి పెళ్ళాం అనడానికి నోరు రాదు, భార్య అంటే పుస్తకంలో మాటలా ఉంటుంది, అందుకని ఫ్యామిలీ అంటారు. మా ఫ్యామిలీ ఊరెళ్ళింది, మా ఫ్యామిలీకి ఒంట్లో బాగాలేదు. ఆ లెక్కన ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఫ్యామిలీ ఒకటే. రెండుంటే తప్పు.

గార్డు ఇద్దరి బతాకాలూ తీసుకుని చూశాడు. బతాకా అంటే అక్కడ అందరి దగ్గరా ఉండే గుర్తింపు కార్డు. ఆయనది గ్యారేజీ పేరు మీద, ఆవిడది యజమాని పేరు మీద. ఒకదాన్ని ఇంకోదానితో కలిపే మాట ఒక్కటీ లేదు. అప్పుడు గార్డుకి ఒక ఉపాయం తట్టింది. ఆయన కార్డు తన చేతిలోనే ఉంచుకుని, ఆవిడతో "నీ మొగుడైతే పేరు చెప్పు" అన్నాడు.

ఆవిడ తల వంచుకుంది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

గార్డు మళ్ళీ అడిగాడు. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు. మొగుడి పేరే తెలియని పెళ్ళామా అని ఎవరో నవ్వారు. గార్డు కార్డులు తిరిగి ఇచ్చేసి, ఒంటరి ఆడమనిషి కాబట్టి ఆవిడ రుసుము తీసుకుని లోపలికి పొమ్మన్నాడు. బ్యాచిలర్ కాబట్టి ఆయన్ని పక్కకు పొమ్మన్నాడు.

నేను విసవిసా గేటు దగ్గరికి నడిచాను. "వాళ్ళు మొగుడూ పెళ్ళాలు. నేను చెబుతున్నాను, నేను కమిటీలో మనిషిని" అన్నాను.

"సరే మేడమ్. ఆయన పేరేంటో మీరు చెప్పండి" అన్నాడు గార్డు.

నాకూ తెలియదు! ఇన్నాళ్ళూ ఆవిడ నోట "మా ఇంటాయన" అనో "ఆయప్ప" అనో విన్నాను తప్ప పేరు వినలేదు. నా నోరు మూతపడిన సందర్భాలు నా జీవితంలో తక్కువ. అది ఒకటి.

గార్డు మీది కోపం పట్టుకుని ఆవిడ దగ్గరికే పోయాను. "ఏమ్మా, ఒక్కసారి పేరు చెబితే ఏం పోయింది? ఇద్దరూ హాయిగా లోపల కూర్చునేవారు కదా!"

కంచె అవతలి నుంచి ఆయన అందుకున్నాడు. "నేనూ అదే చెప్తాండా మేడమ్. చెప్పేయ్ మే, ఏం గాదులే అంటాండా. ఇంటేనా!"

"నువ్వు మాట్లాడాకు" అంది ఆవిడ, అటు చూడకుండానే.

"మొగుడి పేరు చెబితే ఆయుష్షు తగ్గుతుందనా? ఇంకా అవన్నీ నమ్ముతున్నావా? నేను మా ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను. నిక్షేపంలా ఉన్నాడు" అన్నాను.

"ఆయుస్సు సంగతి దేవునికెరుక అక్కా. నాకేం తెలుసు." ఆవిడ ఉగ్గాని డబ్బా మూత పెట్టింది. "ఆయప్ప పేరు నేను ఒక్కతూరే చెప్పినా. పెండ్లయి ఇంటికి పోయిన దినం. మా ఆడబిడ్డ గడప కాడ చేతులడ్డం పెట్టుకోని నిలబడింది. పేరు చెప్తేనే లోపలికి ఇడుస్తా అనింది. అందరూ నగుతాండారు. సిగ్గుతో చచ్చిపోతా చెప్పినా. అది నా గడప గాబట్టి చెప్పినా. లోపల నా ఇల్లు ఉండాది గాబట్టి చెప్పినా." గేటు వైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఈ గేటు ఎవురిదక్కా? ఈయప్ప నాకేమైతాడు? ఆడబిడ్డనా?"

నేను ఆవిడ పక్కనే పచ్చికలో కూలబడ్డాను.

"ఈ దేశం వచ్చినంక నిద్ర నాది గాదు, కూడు నాది గాదు, పాస్‌పోర్టు నా కాడ ల్యా. ఊర్నించి నాతో వచ్చింది ఈ పేరొక్కటే. అడిగినోళ్ళందరికీ ఈడ పారేసేదానికి నాకు మనసు రాదు. ఊచల్లోనించి తినిపించమంటే తినిపిస్తా గానీ, పేరు మాత్రం చెప్పను గాక చెప్పను."

అవతల ఆయన తల వంచుకుని పొట్లం విప్పుకున్నాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

రుసుము అంటే నేను అప్పటిదాకా చిల్లర అనుకున్నాను. గేటు దగ్గర ఆవిడని అడిగింది చిల్లర కాదు. చిల్లర ఆవిడ చేతిలోనే ఉంది, ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది. ఆవిడ దగ్గర మిగిలిన ఒక్కగానొక్క సొంత వస్తువు తీసి బల్లమీద పెట్టమన్నారు. పైగా అలా రాసిన కాగితాల కింద సలహా సంఘం అని ఉంది. సలహా సంఘంలో నేను ఉన్నాను. ఇంటికి నడుస్తూ దారంతా రాబోయే సమావేశానికి నాలిక నూరుకున్నాను.

అదే తంతు ఇంకో రెండు మూడు శుక్రవారాలు సాగాక మళ్ళీ సమావేశం పెట్టారు. మేనేజరుగారు నవ్వుముఖంతో వచ్చాడు. పార్కు ప్రశాంతంగా ఉందన్నాడు, పచ్చిక నిలబడిందన్నాడు. గార్డు కూడా తెలివైనవాడని మెచ్చుకున్నాడు. "ఎవరో ఒకావిడ ఒక బ్యాచిలర్‌ని వెంటేసుకుని ఫ్యామిలీ అంటూ వచ్చిందట. మొగుడి పేరడిగితే చెప్పలేకపోయిందట. అర్థం చేసుకోండి, ఎలాంటి కేసో" అన్నాడు.

అందరూ ఇబ్బందిగా కదిలారు. నేను లేచి నిలబడ్డాను. ఆ గదిలో ఎవరూ లేచి నిలబడి మాట్లాడరు. నాకు కూర్చుని కోప్పడటం చేతకాదు.

ఆయనతో తెలుగులోనే అన్నాను. "ఏవండీ, మీ అమ్మగారు మీ నాన్నగారి పేరు పలకగా మీరెప్పుడైనా విన్నారా?"

ఆయన ముఖం మారింది. "మేడమ్, అది ఇక్కడ..."

"విన్నారా, లేదా?"

"లేదు."

"మీ అమ్మగారు ఎలాంటి కేసండీ?"

అధ్యక్షుడు పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించి, ఏం మాట్లాడుకుంటున్నారని హిందీలో అడిగాడు. "మీరే చెప్పండి ఆయనకి. నేనేమడిగానో, మీరేం చెప్పారో" అన్నాను మేనేజరుతో. ఆయన కాగితాలు సర్దుకున్నాడు. "మీరు చాలా ఎమోషనల్ అవుతున్నారు మేడమ్" అన్నాడు.

"ఎమోషనల్ కాదండీ, కోపం. దానికి తెలుగులో మంచి మాటే ఉంది" అన్నాను.

పెద్దాయనకి నేనే చెప్పాను, నాకొచ్చిన హిందీలో. మా వైపు ఆడది మొగుడి పేరు పలకదని, పేరు చెప్పలేకపోవడమే ఆవిడ పెళ్ళామనడానికి సాక్ష్యమని, గార్డు సాక్ష్యాన్ని ముందు పెట్టుకుని అబద్ధమని తేల్చాడని చెప్పాను. మా పెళ్ళిళ్ళలో గడప దగ్గర ఆడపడుచు అడ్డం నిలబడి పేర్లు చెప్పించి, కానుక పుచ్చుకుని లోపలికి వదులుతుందని, అది సరసమని చెప్పాను. "పేరు చెప్పించి, డబ్బులు పుచ్చుకుని లోపలికి వదిలేది మాకు ఆడపడుచు ఒక్కతే. ఈ గార్డు ఏ వరసన ఆడపడుచు అవుతాడో ఈ సంఘం తేల్చాలి. ఆవిడ మొగుడు తన ఫ్యామిలీ ఒకటే అంటే నవ్వారట. మా భాషలో ఫ్యామిలీ అంటే పెళ్ళాం. ఆయనకి ఒక్కతే పెళ్ళాం. అందులో నవ్వడానికేముంది?"

ఊపిరి పీల్చుకోవడానికి ఆగాను. పెద్దాయన గడ్డంలోంచి నవ్వు మెల్లగా బయటపడింది. ఆఫీసు నుంచి వచ్చిన అధికారి వైపు తిరిగి అరబ్బీలో ఏదో అన్నాడు. అతను తల దించుకున్నాడు. తర్వాత పెద్దాయన నాకు హిందీలో చెప్పాడు.

"మేమూ పెళ్ళాం అనమమ్మా. అహ్ల్ అంటాం. అహ్ల్ అంటే ఇంటివాళ్ళు, నీ ఫ్యామిలీయే. నా స్నేహితులతో ఒక ఆయుష్షంతా కూర్చుని కాఫీ తాగాను. వాళ్ళ ఇల్లాళ్ళ పేర్లు నాకు తెలియవు. అడిగితే కత్తులు లేస్తాయి." మళ్ళీ అధికారి వైపు చూశాడు. "మన ఇంట్లో అడగని ప్రశ్న మన గేటు దగ్గర అడిగించాం."

"మరి ఫ్యామిలీ అవునో కాదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు అధికారి.

"అవును అంటే అవును. రుసుము కావాలన్నారు, రుసుము తీసుకోండి. ఇంకేమీ తీసుకోవద్దు."

ఫ్యామిలీ కార్డు, పేరడగడం రెండూ అక్కడితో పోయాయి. నేను అంతటితో కూర్చోలేదు. అసలు రుసుమే వద్దన్నాను, శుక్రవారం గేటు అందరికీ తెరవాలన్నాను. రోజూ చెమటోడ్చేవాడికి వారానికో పూట చెట్టు నీడ అమ్మడమేమిటని అడిగాను. దానికి ఎవరూ ఒప్పుకోలేదు, పెద్దాయనతో సహా. రుసుము నిలిచింది, శుక్రవారం ఫ్యామిలీలకే అన్న మాటా నిలిచింది. సంతకం పెట్టమని కాగితం నా ముందుకు తోస్తే, వెనక్కి తోశాను. ఏకగ్రీవం అని రాసుకుందామని వాళ్ళ ఆశ. నేనుండగా ఆ మాట పడనివ్వలేదు.

ఆ తర్వాత నన్ను మళ్ళీ ఏ కమిటీకీ పిలవలేదు.

ఆ తరువాతి శుక్రవారం నేను ముందుగానే వెళ్ళి గేటు పక్కన నిలబడ్డాను. ఇద్దరూ వచ్చారు. గార్డు "ఫ్యామిలీ?" అన్నాడు. ఆయన ఆవిడని చూపించి "ఫ్యామిలీ" అన్నాడు. "ఎంతమంది" అని గార్డు అడగలేదు. పేరూ అడగలేదు. చెయ్యి చాపి రుసుము తీసుకున్నాడు. ఆయన లోపలికి వెళ్ళాడు. ఆవిడ మాత్రం గేటు ముందు ఒక్క క్షణం ఆగి, కావాలని ఎడమకాలు ముందుపెట్టి దాటింది.

"అదేమిటే, ఎడమకాలు?" అన్నాను.

"కుడికాలు పెట్టేదానికి ఇదేమన్నా నా ఇల్లా అక్కా!"

వాళ్ళ వెనక ఘాలా బస్సు దిగిన మగవాళ్ళ గుంపు వచ్చింది. గేటు దగ్గర అవునంటే అవును అన్న సంగతి వాళ్ళకి అప్పటికే ఎలా చేరిందో చేరింది. కరీంనగర్ వాళ్ళు, శ్రీకాకుళం వాళ్ళు, అందరూ కలిసిపోయి ఉన్నారు. "ఫ్యామిలీ?" అన్నాడు గార్డు. ముందున్నవాడు వెనక్కి చెయ్యి చూపించి, "గీయన మా బావ, గాయన మా కాక, గా వెనకున్నది మా తమ్ముడు. ఫ్యామిలీయే భాయ్" అన్నాడు. మనవాళ్ళు పరాయివాడినైనా వరసపెట్టే పిలుస్తారు కదా, అందులో అబద్ధం లేదు. గార్డు నావైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను. అతను నిట్టూర్చి రుసుము తీసుకోవడం మొదలుపెట్టాడు. ఆ శుక్రవారం పార్కు ముందులాగే నిండింది. లోపల ఉయ్యాల దగ్గర మేనేజరుగారు పిల్లలతో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. నేను ఆయనకి నమస్కారం పెట్టాను.

వేపచెట్టు కింద ఆవిడ ఉగ్గాని డబ్బా మూత తీసింది. ఆయన కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఎవరితోనో మాటల్లో పడ్డాడు. పిలవాలంటే పేరు పలకదు కదా, డబ్బా మూతతో బెంచీ మీద టకటకా కొట్టింది. అన్ని గొంతుల మధ్య, విమానం మోతలో, ఆయన ఒక్కడే వెనక్కి తిరిగాడు.

ఆ తర్వాత వాళ్ళు అక్కడున్నన్నాళ్ళూ ఆ చెట్టు కిందే కూర్చున్నారు. ఈ కథ నేను ఎవరికి చెప్పినా చివర్లో ఒకటే అడుగుతారు, ఇంతకీ ఆయన పేరేమిటని. నాకు ఇప్పటికీ తెలియదు. అన్నేళ్ళు గోడకు ఇటు నేను, అటు ఆవిడ, నోరు నొప్పిపుట్టేదాకా మాట్లాడుకున్నాం, అయినా నేను అడగలేదు. అడగడానికి నేనేమన్నా ఆడపడుచునా?